కూతురు చూస్తుంది, అమ్మ అడుగుతుంది, అన్నయ్య డబ్బు కడతాడు: వయసుకో అలవాటు, ఆన్‌లైన్ ప్రకటనల లెక్క

మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణం ఉందనుకుందాం. నెలకు 6,000 రూపాయలు ఆన్‌లైన్ ప్రకటనలకు పెడుతోంది. నెలాఖరున ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా కంపెనీ ప్రకటనల పరికరం యాడ్స్ మేనేజర్‌లో రిపోర్టు తీసి వయసుల వారీగా చూస్తే, 18–24 వరసలో క్లిక్కులు బోలెడు, అమ్మకాలు దాదాపు సున్నా. 45–54 వరసలో క్లిక్కులు తక్కువే కానీ వాట్సాప్‌కి వచ్చి కొన్నవాళ్ళు ఎక్కువ. ఇది చూడగానే చాలామంది చేసే పని ఒకటే. చిన్నవాళ్ళను తీసేసి డబ్బంతా పెద్దవాళ్ళ మీద పెడతారు. మూడు వారాలు తిరిగేసరికి వాట్సాప్ ఎంక్వైరీలు కూడా పలచబడతాయి. ఎందుకు తగ్గాయో రిపోర్టులో ఎక్కడా కనిపించదు.

కారణం ఇంట్లో ఉంది. ఆ చీరను మొదట చూసింది డిగ్రీ చదివే కూతురు, రాత్రి పదకొండింటికి రీల్స్ తిప్పుతూ. 'అమ్మా, పిన్నివాళ్ళ పెళ్ళికి నీకిది బావుంటుంది' అని పంపింది. అమ్మ మర్నాడు భోజనాలయ్యాక తీరిగ్గా చూసి, స్క్రీన్‌షాట్ తీసి దుకాణం నంబరుకు పెట్టింది: 'ఇది ఉందా అండి, ఎంత?' రంగు బాగుందో లేదో అమ్మమ్మ చెప్పింది. డబ్బు కట్టింది బెంగళూరులో ఉన్న కొడుకు. ఒక్క చీరకు నలుగురు, నాలుగు వయసులు, నాలుగు ఫోన్లు. రిపోర్టు మాత్రం క్లిక్ చేసిన ఒక్క వేలినే లెక్కపెడుతుంది.

తెలుగు ఇళ్ళలో చీరలు, నగలు, పచ్చళ్ళు, సంబంధాల వెబ్‌సైట్లు, కాలేజీ సీట్లు అన్నీ ఇలా చేతులు మారాకే బేరం కుదురుతాయి. అందుకని ప్రకటనను వయసుల వారీగా ముక్కలు చేయడం కన్నా, ఒక వయసు చేతిలోంచి ఇంకో వయసు చేతిలోకి వెళ్ళేటప్పుడు సరుకు జారిపోకుండా చూసుకోవడం ముఖ్యం. ఆ పని చేయాలంటే ఒక్కో వయసు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ విసుగుపడుతుందో తెలియాలి.

వయసు అన్న మాటలో మూడు సంగతులు

ఒకటి ఒంటి వయసు. నలభై దాటాక చత్వారం వస్తుంది, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. రెండోది జీవితంలో ఎక్కడున్నారన్నది. ఫేర్‌వెల్ రోజుకు ఒక్క చీర వెతికే అమ్మాయి అవసరం వేరు, కూతురి పెళ్ళికి పాతిక పెట్టుబడి చీరలు కొనాల్సిన తల్లి అవసరం వేరు. మూడోది, ఇంటర్నెట్ మొదట ఏ రూపంలో చేతికొచ్చిందన్నది. ఎక్కువమంది పట్టించుకోనిది ఈ మూడోదే.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా దాదాపు ఉచితమయ్యాక మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో లక్షలమంది ఒక్కసారిగా నెట్‌లోకి వచ్చారు. వాళ్ళకు ఇంటర్నెట్ అంటే యూట్యూబ్, వాట్సాప్. ఈమెయిలు, బ్రౌజరు, పాస్‌వర్డు, కార్ట్ అనే మెట్లు వాళ్ళు ఎక్కనే లేదు. నలభై ఎనిమిదేళ్ళ ఇద్దరిని తీసుకోండి. ఒకావిడ హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళకు పైగా కంప్యూటర్ ముందు పనిచేస్తున్న ఉద్యోగి. ఇంకొకావిడ తెనాలిలో ఇంటిపట్టున ఉండే ఇల్లాలు. యాడ్స్ మేనేజర్‌లో ఇద్దరూ 45–54 గడిలోనే కూర్చుంటారు. మొదటావిడ రిటర్న్ పాలసీ చదివి కార్డుతో కడుతుంది. రెండో ఆవిడకు వెబ్‌సైట్ తెరవడమే తెలియని దారి. ముందు ఒక మనిషి గొంతు వినాలి. ఇద్దరినీ ఒకే ప్రకటనతో, ఒకే లింకుతో పట్టుకోవాలనుకుంటే ఒకరు పోతారు.

పని విడదీసుకోవడానికి ఇది పనికొస్తుంది. కంటి చూపును బట్టి అక్షరాల సైజు, జీవిత దశను బట్టి సరుకూ సీజనూ, ఇంటర్నెట్ నేర్చుకున్న తీరును బట్టి అమ్మే దారి: వెబ్‌సైటా, వాట్సాపా, ఫోన్ కాలా అన్నది.

రీల్స్ తిప్పే వేళ్ళు

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ళవాళ్ళ చూపు అక్కడే ఉంటుంది. ఇక్కడ దుకాణాలు చేసే మొదటి తప్పు వీడియోను లోగోతో, షాపు బోర్డుతో మొదలుపెట్టడం. మెటా 3 సెకన్ల చూపును ఒక లెక్కగా, 15 సెకన్ల చూపును థ్రూప్లే అనే ఇంకో లెక్కగా రాస్తుంది. ఈ రెండు అంకెల మధ్య అగాధం ఉంటే, మొదలు ఆకర్షించింది కానీ తర్వాత సరుకు కనిపించలేదని అర్థం. 3 సెకన్ల దగ్గరే జనం లేకపోతే మొదటి ఫ్రేమే బాగాలేదు. మడత చీర చూపించి ఇరవై ఏళ్ళ అమ్మాయిని ఆపలేరు. కట్టుకుని నడుస్తున్న చీర కావాలి. దాని మీదికి ఏ జాకెట్టు బావుంటుందో కూడా కనిపించాలి.

రెండో తప్పు ధర దాచడం. 'ధరకు మెసేజ్ చేయండి' అని రాస్తే మెసేజ్‌లు పెరుగుతాయి, ఆల్గారిథమ్ మెచ్చుకుంటుందని చాలామంది నమ్మకం. జరిగేది వేరు. ధర అడగడానికి మొహమాటపడే అమ్మాయి ముందుకు జరిగిపోతుంది, అడిగిన పదిమందిలో ఎక్కువమంది ధర వినగానే మాయమవుతారు, ఆ పదిమందికీ జవాబు రాసే మనిషి జీతం మీదే. ధర తెరమీదే రాస్తే మెసేజ్‌లు తగ్గుతాయి, వచ్చినవి గట్టివి వస్తాయి.

ఈ వయసువాళ్ళు లైక్ కొట్టడం కన్నా సేవ్ చేస్తారు, స్నేహితురాలికి పంపుతారు. కాబట్టి రీల్ బాగుందా లేదా అన్నది లైకుల్లో చూడకండి. ఇన్‌సైట్స్‌లో సేవ్‌లు, షేర్లు చూడండి. షేర్ అంటే సరుకు చేయి మారడం మొదలైందన్నమాట.

ఇరవై అయిదు నుంచి ముప్పై నాలుగు

వీళ్ళ గురించి రాయాల్సింది తక్కువ. ఉద్యోగం, సొంత సంపాదన, సొంత యూపీఐ. ఎవరినీ అడగరు, కానీ అన్నీ పోల్చి చూస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణం రివ్యూలు చదువుతారు, ముఖ్యంగా ఒక నక్షత్రం ఇచ్చినవి. డెలివరీ ఏ తేదీకి వస్తుందో కావాలి. చివరి పేజీలో హఠాత్తుగా షిప్పింగ్ 120 అని తేలితే కార్ట్ వదిలేసి వెళ్ళిపోతారు. ఇలా మొదట ఒక ధర చూపించి చివర్లో అదనం తగిలించడం వ్యాపారానికి చేటే కాదు, చట్టం దృష్టిలోనూ తప్పే. 2023 నవంబరు 30న కేంద్రం నోటిఫై చేసిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్ళను మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడల్లో) అదొకటి. చీరల వీడియోల్లో మామూలైపోయిన 'ఒక్క పీసే మిగిలింది' అన్న మాట నిజం కాకపోతే అదీ ఆ జాబితాలోదే.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు

చీరల వ్యాపారం నిలబడేది ముప్పై అయిదు నుంచి యాభై అయిదేళ్ళ ఆడవాళ్ళ మీద. వాళ్ళ అలవాటును అర్థం చేసుకున్న దుకాణాలే ఇవాళ యూట్యూబ్‌లో నిలదొక్కుకున్నాయి. ఆ వీడియో నమూనా మనకందరికీ తెలిసిందే. ఒకామె మెత్త మీద కూర్చుని ఒక్కో చీర విప్పుతూ, అంచు, పైట, జాకెట్టు ముక్క చూపిస్తూ, ధర చెబుతూ పోతుంది. తెర మీద వాట్సాప్ నంబరు. 'నచ్చినది స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి.' పదిహేను ఇరవై నిమిషాల వీడియో. మార్కెటింగ్ పాఠాల్లో వీడియో ముప్పై సెకన్లు దాటకూడదంటారు. ఆ పాఠం వీళ్ళకు వర్తించదు. వంటిల్లు సర్దేసి కాస్త నడుం వాల్చే వేళ, అంగట్లో కూర్చుని చీరలు తీయించుకుంటున్నట్టే ఉంటుందది. ఉద్యోగం చేసే వాళ్ళయితే అదే వీడియోను రాత్రి భోజనాలయ్యాక చూస్తారు.

ఈ వీడియోలో పనిచేసేవీ, పాడుచేసేవీ చిన్న చిన్న సంగతులే. ఒక్కొక్కటి దగ్గరగా చూద్దాం.

చీరకో నంబరు ఉండాలి, అది చీర కనిపించినంతసేపూ తెరమీద ఉండాలి. స్క్రీన్‌షాట్ ఏ క్షణంలో తీస్తారో మీకు తెలియదు. నంబరు మూడు సెకన్లు కనిపించి మాయమైతే, వచ్చే స్క్రీన్‌షాట్లలో సగం 'ఇది ఏదండీ' అని మీరే తిరిగి అడగాల్సి వస్తుంది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వచ్చేలోగా చీర ఇంకొకరు తీసేసుకుంటారు. నంబరును తెర అడుగున పెట్టకండి. యూట్యూబ్ ప్రోగ్రెస్ బారూ బటన్లూ దాన్ని కప్పేస్తాయి. ఎడమవైపు పైన పెట్టండి.

రంగు విషయం ఇంకా సున్నితం. ట్యూబ్‌లైటు కింద తీస్తే కనకాంబరం రంగు గులాబీలా పడుతుంది, నెమలికంఠం నీలం వైపు వెళ్ళిపోతుంది. రాత్రిపూట చాలా ఫోన్లలో కళ్ళకు హాయిగా ఉండే మోడ్ ఆన్ అయి తెర పసుపుగా మారుతుంది. మీరు పగటి వెలుతురులో ఎంత బాగా తీసినా ఆమె చూసే రంగు వేరు. దీనికి మందు రెండు ముక్కల్లో ఉంది. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి, పోల్చుకోవడానికి కంటికి ఆధారం ఉంటుంది. రంగు పేరు నోటితో చెప్పండి, రెండు తరాల మాటల్లోనూ. అమ్మకు 'ఉల్లిపొర రంగు' అంటే కళ్ళకు కట్టినట్టు ఉంటుంది, కూతురికి అదే 'ఆనియన్ పింక్'. 'వంకాయ రంగు' అంటే అత్తగారికి తెలుస్తుంది, కోడలు 'పర్పుల్ కలర్' అని వెతుకుతుంది. ఇద్దరూ ఒకే చీర గురించి మాట్లాడుకుంటున్నారని వాళ్ళకు తెలియాలంటే మీ వీడియోలో రెండు పేర్లూ ఉండాలి.

వెతుకులాటలోనూ ఇదే తేడా. చిన్నవాళ్ళు తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. మధ్యవయసువాళ్ళలో చాలామంది మైకు గుర్తు నొక్కి 'మంగళగిరి పట్టు చీరలు ధరతో చూపించండి' అని మనిషితో మాట్లాడినట్టు అడుగుతారు. వీడియో టైటిల్‌లో తెలుగు లిపీ, ఇంగ్లిష్ అక్షరాలూ రెండూ ఉంచండి. డిస్క్రిప్షన్ మొదటి రెండు వరసల్లో ధర ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో, నంబరేమిటో, ఊరేదో రాయండి. మిగతాదంతా 'మోర్' కింద దాగిపోతుంది, నొక్కేవాళ్ళు తక్కువ.

కొలతలు చెప్పకపోవడం ఇంకో లోపం. చీర అయిదున్నర మీటర్లా, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు ఉందా, కలిసే ఉందా విడిగానా, నూలు 80 కౌంటా, జరీ ఎలాంటిది, మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెట్టాలా: ఇవన్నీ ఈ వయసువాళ్ళు కచ్చితంగా అడిగే ప్రశ్నలు. వీడియోలో చెప్పేస్తే ఒక్కో ఆర్డరుకు నాలుగు మెసేజ్‌లు మిగులుతాయి. మరమగ్గం చీరను చేనేత అని చెప్పడం మాత్రం ఎవరూ చేయకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. అంతకన్నా పెద్ద నష్టం నేతగాడిది. వారాల తరబడి మగ్గం మీద వంగి నేసిన మనిషి కూలి ఆ ఒక్క అబద్ధంతో కొట్టుకుపోతుంది.

ఆమె ఎప్పుడు కొంటుందన్నదీ వయసును బట్టే. వరలక్ష్మీ వ్రతానికి అమ్మ మూడు నాలుగు వారాల ముందే చూస్తుంది, ఎందుకంటే జాకెట్టు కుట్టించాలి, శ్రావణమాసంలో టైలర్లు దొరకరు. కూతురు చివరి వారంలో 'శుక్రవారంలోగా వస్తుందా' అని అడుగుతుంది. ప్రకటనలు రెండు విడతలుగా వేయండి. ఆషాఢంలోనే పొడుగు వీడియో, వ్రతానికి పది రోజుల ముందు రెడీమేడ్ జాకెట్టుతో రీల్. రెండింటినీ ఒకే వారంలో వేస్తే అమ్మకు ఆలస్యం, కూతురికి తొందర.

యాభై అయిదు దాటినవాళ్ళు

పెద్దవాళ్ళకు టెక్నాలజీ రాదని తోసేయడం అన్యాయం, పైగా తెలివితక్కువ. యూట్యూబ్‌ను టీవీలో గంటలకొద్దీ చూసేది వీళ్ళే. ఫేస్‌బుక్‌ను ఓపిగ్గా చదివేదీ వీళ్ళే. పొద్దున్నే కాఫీ తాగుతూ వాట్సాప్‌లో నలభైమందికి ఫార్వర్డ్ చేసేదీ వీళ్ళే. వాళ్ళను వెనక్కి లాగేది భయం. ఓటీపీ మోసాలూ, నకిలీ లింకులూ రోజూ వార్తల్లో చూస్తున్నవాళ్ళు తెలియని లింకు నొక్కకపోవడం సబబే.

కాబట్టి వీళ్ళకు ప్రకటన చేసే పని నమ్మకం కలిగించడం. టీవీలో చూసే మనిషి తెర మీద నొక్కలేడు. ఫోన్ నంబరును నోటితో, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాలి, పెద్ద అంకెల్లో చూపించాలి. స్కిప్ చేయగల యూట్యూబ్ ప్రకటనలో 5 సెకన్ల తర్వాత వదిలేసే వీలుంటుంది కనుక ఊరి పేరూ, దుకాణం పేరూ ఆ అయిదు సెకన్లలోనే వినపడాలి. దుకాణం ముందు నిలబడి, బోర్డు కనిపించేలా, యజమాని మొహంతో తీసిన వీడియో చిన్నవాళ్ళ దగ్గర పనిచేయదు, వీళ్ళ దగ్గర అదే పనిచేస్తుంది.

డబ్బు కట్టే చోట ఒక చిన్న సంగతి వ్యాపారాన్ని చెడగొడుతుంది. క్యూఆర్ స్కాన్ చేయగానే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు తెరమీద వస్తుంది. దుకాణం పేరు ఒకటి, అక్కడ కనిపించే మనిషి పేరు ఇంకొకటి అయితే పెద్దావిడ అక్కడే ఆగిపోతుంది. ఆగాలి కూడా. దుకాణం పేరు మీదే కరెంట్ ఖాతా తెరిచి, మర్చంట్ క్యూఆర్ తీసుకుంటే ఈ చిక్కు పోతుంది. డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తే కూడా ముందే చెప్పండి: 'మీకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదమ్మా. ఎవరైనా కొట్టమంటే కొట్టొద్దు. మోసం జరిగితే 1930కి ఫోన్ చేయండి.' ఈ మాట చెప్పిన దుకాణాన్ని వాళ్ళు మరిచిపోరు.

వెబ్‌సైట్ ఉన్నవాళ్ళు ఒక పరీక్ష చేయండి. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు అన్నింటికన్నా పెద్దది పెట్టి, మీ సైట్‌లో మొదటినుంచి చివరిదాకా ఒక ఆర్డరు వేయండి. చాలా సైట్లలో 'కొనండి' బటన్ తెర అడుక్కి జారిపోతుంది, లేదా పిన్‌కోడ్ గడి మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పెద్దవాళ్ళు ఆర్డరు వేయడం లేదని మీరనుకుంటున్నది, వేయలేకపోవడం కావచ్చు.

చేతులు మారే చోట

అసలు చిక్కంతా ఇక్కడే. మొదటి అడ్డంకి లింకు. కూతురు ఇన్‌స్టాగ్రామ్ రీల్ లింకును అమ్మ వాట్సాప్‌కి పంపుతుంది. అమ్మకు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా లేదు. నొక్కగానే చాలాసార్లు లాగిన్ అవమని అడ్డుపడుతుంది. చీర చూడకుండానే ఆమె వెనక్కి వచ్చేస్తుంది. అందుకని ప్రతి రీల్‌నూ యూట్యూబ్ షార్ట్స్‌లో కూడా పెట్టండి, అది ఖాతా లేకుండానే తెరుచుకుంటుంది. రీల్ కింద మొదటి కామెంట్‌లో 'అమ్మకు పంపాలంటే మా వాట్సాప్‌కి ఈ చీర నంబరు పెట్టండి, వీడియో పంపుతాం' అని రాయండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో 500 వస్తువులదాకా పట్టే కేటలాగ్ ఉంది. అందులో చీర పెడితే దాని లింకు నేరుగా వాట్సాప్‌లోనే తెరుచుకుంటుంది, ఏ వయసువాళ్ళకైనా.

రెండో అడ్డంకి లెక్క. మెటా మామూలుగా క్లిక్ చేసిన 7 రోజుల్లో, చూసిన 1 రోజులో జరిగిన అమ్మకాలనే ప్రకటన వల్ల వచ్చినవిగా లెక్కేస్తుంది, అదీ అదే మనిషి కొంటేనే. కూతురు క్లిక్, అమ్మ కొనుగోలు, ఈ రెంటినీ అది కలపలేదు. మీరే కలపాలి. చీర నంబరు ముందు ఒక అక్షరం చేర్చండి. 214 నంబరు చీరకు రీల్‌లో 'ఇ-214', యూట్యూబ్ పొడుగు వీడియోలో 'య-214', ఫేస్‌బుక్‌లో 'ఫ-214'. ఎన్ని చేతులు మారినా ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడ పుట్టిందో దాని మీదే రాసి ఉంటుంది. వాట్సాప్‌కి తెచ్చే లింకుల్లో ముందే నింపిన మెసేజ్ పెట్టవచ్చు కనుక అందులోనూ ఇదే అక్షరం వాడండి. వచ్చిన ప్రతి చాట్‌కూ ఆ అక్షరంతో లేబుల్ తగిలించండి. రోజుకు పది నిమిషాల పని.

ఊహకోసం ఒక లెక్క. రీల్స్ మీద 3,000 పెట్టారు. మెటా లెక్కలో ఆర్డర్లు 4, అంటే ఆర్డరుకు 750. దండగ అనిపిస్తుంది. లేబుళ్ళు లెక్కపెడితే 'ఇ' అక్షరంతో వాట్సాప్‌లో పూర్తయిన ఆర్డర్లు ఇంకో 11 ఉన్నాయనుకోండి. మొత్తం 15, ఆర్డరుకు 200. తీసేద్దామనుకున్న వరసే ఇంటిని నడుపుతోందని తేలుతుంది. ఆరు వారాలు ఇలా రాసుకోకుండా ఏ వయసునూ తీసేయకండి.

మూడో అడ్డంకి డబ్బు కట్టే మనిషి. పేమెంట్ లింకు అమ్మ దగ్గర్నుంచి కొడుక్కి వెళ్తుంది. అతనికి చీర సంగతి తెలియదు. లింకుతో పాటు ఒకే మెసేజ్‌లో దుకాణం పేరు, చీర ఫొటో, అమ్మ పేరు, మొత్తం ఎంత, షిప్పింగ్ కలిసిందా అన్నవి ఉంటే అతను ఫోన్ చేసి అడగకుండా కడతాడు. లేకపోతే 'సాయంత్రం చూస్తాలే' అంటాడు, ఆ సాయంత్రం రాదు. అమెరికాలో ఉన్న పిల్లలైతే సమయం చూసుకోండి. మన సాయంత్రం ఏడు, న్యూజెర్సీలో వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది కాబట్టి, గుంటూరులో అమ్మ చిరునామాకు డెలివరీ, డాలస్ నుంచి పేమెంట్ అన్న ఆర్డర్లకు మీ ఫారంలో చోటుండాలి. కట్టేవాళ్ళ చిరునామా, అందుకునేవాళ్ళ చిరునామా వేర్వేరు గడులుగా పెట్టండి.

పలకరింపు కూడా చేతులు మారేదే. అరవై ఏళ్ళావిడకు 'హాయ్ డియర్' అని ఆటోమేటిక్ జవాబు వెళ్తే ఆ అంగడి మళ్ళీ తొక్కదు. ఇరవై ఏళ్ళ అమ్మాయినైనా 'మీరు' అనండి. మొదటి మెసేజ్‌లో 'నమస్తే అండి' అంటే ఏ వయసుకూ తప్పు పోదు. ఆవిడే 'అమ్మాయ్' అని పిలిచాక మీరు 'అమ్మా' అనవచ్చు.

ఇంకొకటి. ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. పెద్దవాళ్ళలో చాలామంది నంబరు సేవ్ చేయరు. పార్సిల్ పంపిన రోజు మీ కాంటాక్ట్ కార్డు పంపి 'దీన్ని నొక్కి సేవ్ చేసుకోండమ్మా, కొత్త చీరలు వస్తే చూపిస్తాం, వద్దంటే చెప్పండి, పంపం' అనండి. అడగకుండా పంపితే బ్లాక్ చేస్తారు. బ్లాకులూ ఫిర్యాదులూ పెరిగితే మీ నంబరే ఆగిపోవచ్చు.

ఆరు వేలను అయిదు ముక్కలు చేస్తే

వయసుల గురించి ఇంత చదివాక, వయసుకో యాడ్ సెట్ (ఒకే బడ్జెట్, ఒకే గురి ఉన్న ప్రకటనల గుంపు) చేద్దామని చేయి లాగుతుంది. చిన్న బడ్జెట్‌కు అది ఉరితాడే. మెటాలో ఒక యాడ్ సెట్ కుదురుకోవాలంటే వారానికి సుమారు 50 ఫలితాలు రావాలి, అప్పటిదాకా లెర్నింగ్ ఫేజ్‌లో తడుముకుంటూ ఉంటుంది. రోజుకు 200 రూపాయలు, ఒక వాట్సాప్ సంభాషణకు 20 పడుతోందనుకోండి. ఒకే యాడ్ సెట్‌లో ఉంచితే రోజుకు పది, వారానికి డెబ్భై, కుదురుకుంటుంది. అయిదు వయసులకు నలభై చొప్పున పంచితే ఒక్కోదానికి వారానికి పద్నాలుగు. అయిదూ జీవితాంతం నేర్చుకుంటూనే ఉంటాయి.

ఈ బడ్జెట్‌కు నా సలహా ఒక్క యాడ్ సెట్, అందులో మూడు వీడియోలు. కట్టుకుని నడిచేది ఒకటి, మడత విప్పి ధర చెప్పేది ఒకటి, యజమాని దుకాణం ముందు నిలబడి మాట్లాడేది ఒకటి. ఏ వీడియో ఏ వయసుకు చూపించాలో మెషీన్ తనే ఏరుకుంటుంది. ఎవరికి చూపించాలో మెటాయే తేల్చుకునే అడ్వాంటేజ్ ప్లస్ ఆడియన్స్‌లో మీరు రాసే వయసు దానికి ఒక సలహా మాత్రమే, కట్టడిగా పెట్టగలిగేది కనీస వయసు. వారానికోసారి బ్రేక్‌డౌన్‌లో వయసు చూడండి, చూసి వీడియో మార్చండి. వయసు గడిని మాత్రం కదపకండి. లక్ష్యంగా 'ట్రాఫిక్' ఎంచుకోవద్దు. చవకగా వేలు తగిలే చోటుకల్లా ప్రకటన పరిగెత్తుతుంది. సంభాషణలు కావాలంటే సంభాషణలే అడగండి.

నాన్న ఫోన్‌లో పిల్లాడు

35–44 వరసలో క్లిక్కులు ఒక్కసారిగా పెరిగి, ఒక్క మెసేజ్ కూడా రాకపోతే, ముందు అనుమానించాల్సింది పిల్లల్ని. ఫోన్ నాన్నది, ఖాతా నాన్నది, ఆడుతున్నది ఆరేళ్ళవాడు. ఆటల మధ్య వచ్చిన మీ చీర ప్రకటన మీద వేలు పడుతుంది, మీ ఖాతాలోంచి డబ్బు పోతుంది. గూగుల్ యాడ్స్‌లో ప్రకటనలు ఎక్కడ కనిపించాయో చూపే రిపోర్టు తీసి, రైమ్స్, కార్టూన్ల చానళ్ళనూ గేమ్ యాప్‌లనూ మినహాయించండి. మెటాలో ఆడియన్స్ నెట్‌వర్క్ ప్లేస్‌మెంట్ (బయటి యాప్‌లలో ప్రకటనలు చూపించేది) తీసేయండి. గూగుల్‌లో 'అన్‌నోన్' అనే వయసు గడిని మాత్రం తొందరపడి తీసేయకండి. వయసు తేలని ఖాతాలన్నీ అందులోనే ఉంటాయి, మీ అసలు కొనుగోలుదారులు కూడా.

నిజంగానే పిల్లలైనవాళ్ళ సంగతి చట్టం తేల్చింది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023లో పిల్లలంటే 18 ఏళ్ళలోపువాళ్ళు. వాళ్ళ అలవాట్లను వెంటాడి గమనించడం, వాళ్ళను గురిచూసి ప్రకటనలు వేయడం కుదరదు. వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పిల్లల విషయంలో ఉల్లంఘనకు జరిమానా 200 కోట్లదాకా ఉంది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. మెటా 2023 ఫిబ్రవరి నుంచే టీనేజర్లకు వయసు, ఊరు తప్ప ఇంకే వివరంతోనూ గురిపెట్టనివ్వడం లేదు. చీరల దుకాణం చేయాల్సింది తేలికే: కనీస వయసు 18 పెట్టండి. లంగా ఓణీ ఫంక్షన్‌కు చీర కావాలని పదో తరగతి అమ్మాయి మెసేజ్ పెడితే ఫోటో, ధర చెప్పి, 'ఆర్డరు అమ్మ నంబరు నుంచి పెట్టించండి' అని రాయండి. ఆ అమ్మాయి నంబరును ఏ లిస్టులోనూ చేర్చకండి.